ఆ ఏటి వయొలిన్

ఏటా డిసెంబరు ఆఖరి ఆదివారం మధ్యాహ్నం బుల్లిబాబు క్వార్టర్లో నలుగురు మనుషులు చేరేవారు. నలుగురూ బాలానగర్ రోడ్డు మీది ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళే. నలుగురికీ రికార్డుల పిచ్చి. ఆ ఏడాది తాను కొన్నవాటిలో తనకు అన్నిటికంటే నచ్చినదాన్ని ఒక్కదాన్నే ప్రతివాడూ చంకలో పెట్టుకుని రావాలి. ముల్లు పెట్టేముందు అదెందుకు నచ్చిందో నాలుగు ముక్కల్లో చెప్పాలి. ముల్లు పెట్టాక ఒకవైపు పూర్తయ్యేదాకా ఎవరూ నోరు విప్పకూడదు. పూర్తయ్యాక, తెచ్చినవాడు తప్ప మిగతావాళ్ళు నోటికి ఎంతొస్తే అంత అనవచ్చు. ఎవరి రికార్డు మేలని తేలితే పకోడీల పళ్ళెం ముందు వాళ్ళ దగ్గరికి వస్తుంది. బహుమతంటే అంతే. అయినా దీపావళి దాటిందంటే నలుగురూ ఒకరికొకరు చెప్పకుండా అబిడ్స్ వెళ్ళొస్తూ ఉండేవారు. క్యాంటీన్లో ఎదురుపడితే ఎండల గురించీ వానల గురించీ మాట్లాడుకునేవారు.

వాళ్ళలో సోమేశ్వరరావు పెద్దవాడు. యాభై దాటాడు. కాకినాడలో బి.ఎస్సీ. చదివి, ఫ్యాక్టరీ లేబరేటరీలో కెమిస్టుగా చేరి, కూకట్‌పల్లిలో ఐలయ్య, చంద్రమ్మల ఇంట్లో ఒక భాగం కిరాయికి తీసుకుని భార్య పద్మావతితో కాపురం పెట్టాడు. తరవాత ఫ్యాక్టరీవాళ్ళు క్వార్టర్ ఇస్తామన్నప్పుడు పద్మావతి వద్దంది. "ఇప్పుడిప్పుడే చంద్రమ్మ మాట నాకూ నా మాట చంద్రమ్మకీ అర్థమవుతున్నాయి. మళ్ళీ కొత్తవాళ్ళతో మొదటినుంచీ ఎవరు మొదలెడతారండీ" అంది. పోయిన ఏడు మాఘమాసంలో ఆవిడ జ్వరంతో పోయింది. ఆ డిసెంబరులో సోమేశ్వరరావు బుల్లిబాబు ఇంటికి వెళ్ళలేదు. తీసుకెళ్ళడానికి ఏమీ లేదు కూడా. ఆ ఏడు ఆయన రికార్డు కొనలేదు, ఉన్నవాటిని వినలేదు. పెట్టె ప్లేయరు మూత మీద ఉతికిన బట్టలు మడతపెట్టి పెట్టుకునేవాడు.

ఇది డెబ్బై నాలుగో సంవత్సరం. ఈ ఏడు వెళ్ళాలనుకున్నాడు. చంకలో పెట్టుకోవడానికి ఒక రికార్డుంది.

అది దొరకడం కూడా ఆయన గొప్పతనమేమీ కాదు. వానాకాలం మొదట్లో ఏదో పనిమీద అబిడ్స్ వెళ్ళి, వానకి ఒక రికార్డుల దుకాణం చూరు కింద నిలబడ్డాడు. జల్లు లోపలికి కొడుతుంటే దుకాణదారు పిలిచి స్టూలు వేశాడు. వాన వెలిసేదాకా కూర్చోనిచ్చిన మనిషికి ఉత్తచేతులతో నమస్కారం పెట్టి వచ్చేయడం బాగుండదని, చేతికందిన వయొలిన్ రికార్డు ఒకటి కొన్నాడు. అట్ట మీద బట్టతల పెద్దమనిషి, నుదుటిమీద గంధం బొట్టు. పేరు ఎప్పుడూ విన్నది కాదు.

ఆ సాయంత్రం బట్టలు తీసి మంచం మీద పెట్టి, ప్లేయరు తెరిచాడు.

మొదట అది వయొలిన్ అనిపించలేదు. వయొలిన్ అంటే ఆయనకు తెలిసినంతలో సన్నగా పైకి పోయేది. ఇది కిందినుంచి వచ్చింది. పెద్దవయసు మనిషెవరో అరుగుమీద చేరగిలబడి, గొంతు సవరించుకుని, తొందరేముందిలే అన్నట్టు మాట మొదలుపెట్టినట్టుంది. ఒక స్వరం మీద నిలిచి, అక్కడ బాగానే ఉందని తేల్చుకున్నాకగాని ఇంకోదాని మీదికి వెళ్ళడు. ఒకవైపంతా ఒకే రాగం. సోమేశ్వరరావు దీపం కూడా వేసుకోకుండా విన్నాడు. అయిపోయాక మూత వేసి, అన్నం తిని పడుకున్నాడు. ఆ రోజు పద్మావతి మంచం వైపు తిరిగి పడుకున్నాడో అటు తిరిగి పడుకున్నాడో కూడా పొద్దున గుర్తులేదు. చాలా కాలానికి అంత నిద్రపట్టింది.

మర్నాడు నీళ్ళకు బావి దగ్గరికి వెళ్తే చంద్రమ్మ కడవ దించి అడిగింది.

"సారూ, నిన్న పొద్దుమూకినంక ఏం పెట్టిన్రు?"

"ఎక్కువ చప్పుడయిందా అమ్మా? తగ్గిస్తాను."

"తగ్గించుడేంది! మా అత్త మూల్గకుంట పన్నది. గిది ఎన్ని దినాలకో. జర ఇయ్యాల గూడ పెట్టున్రి."

చంద్రమ్మ అత్త బుచ్చమ్మ ఎండాకాలంలో బావి గచ్చు మీద జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆ వయసులో అది అతుక్కునేది కాదని దవాఖానలో చెప్పి పంపారు. పగలంతా మంచంలో ఉండి వచ్చేపోయేవాళ్ళను పలకరిస్తూ, మాదాపూర్ నుంచి సీతాఫలాల గంపలతో వచ్చే ఆడవాళ్ళతో బేరాలాడుతూ గట్టిగానే ఉండేది. పొద్దు గూకిందంటే నొప్పి మొదలయ్యేది. రెండు భాగాలకూ మధ్యన గోడ పెంకుల దాకా లేదు. ఆమె మూలుగు అటునుంచి ఇటొచ్చేది. అలాగే వయొలిన్ ఇటునుంచి అటు వెళ్ళింది.

ఆ రోజునుంచి దీపాల వేళకు ఆ రికార్డు పెట్టడం రెండిళ్ళకూ ఆచారమైపోయింది. ముల్లు పెట్టిన చప్పుడు వినగానే చంద్రమ్మ పొయ్యి మీద ఎసట్లో బియ్యం పోసేది. ఒకవైపు అయ్యేసరికి అన్నం ఉడికేది. గంజి వార్చడానికి వేరే గడియారం అక్కర్లేదనేది. బుచ్చమ్మ కాసేపు ఊ కొట్టేది, కథ చెప్పేవాడికి కొట్టినట్టు. తరవాత ఊ ఆగిపోయేది.

"మాయమ్మ గాయనతోని మాట్లాడ్తుంది సారూ," అన్నాడు ఒకసారి ఐలయ్య. "నా మాట ఇంటదా? ఇనదు. మీ పెట్టెల ఉన్నాయన మాట ఇంటది."

"వయొలినండీ ఐలయ్యగారూ. మాట కాదు."

"గీ 'గారు' ఏంది సారూ, నేనేమన్న తాసిల్దారునా? ఊళ్ళోళ్ళు ఇంటే నవ్వుతరు."

ఏళ్ళ తరబడి అదే మాట అంటున్నాడు. ఏళ్ళ తరబడి ఈయన గారు మానలేదు. ఐదేళ్ళ కిందట ప్రత్యేక తెలంగాణ గొడవలు జరిగిన రోజుల్లో, ఆంధ్రా సారు గుమ్మం ముందు మంచం వేసుకుని పడుకున్నవాడు ఐలయ్య. ఎందుకని అడిగితే లోపల ఉక్కపోస్తుందన్నాడు. అది వానాకాలం.

ఊళ్ళో ఇంకో సంగతి ఉండేది. సాయంత్రమైతే కరెంటు నీరసించేది. ద్రాక్ష తోటల మోటార్లు, బియ్యం మిల్లు, ఊరి దీపాలు అన్నీ ఒకే తీగ మీద బతకాలి. బల్బులు, ఊరివాళ్ళ మాటలో బుగ్గలు, పండిన నిమ్మకాయల్లా వెలిగేవి. వెలుతురుకని లాంతరు వెలిగించి బుగ్గ పక్కన పెట్టుకునేవారు. సోమేశ్వరరావు ఈ ఏడు మరి మూడు రికార్డులు కొన్నాడు. సాయంత్రం పెడితే వాటిలో పాడేవాళ్ళకు పడిశం పట్టినట్టుండేది. అందుకని వాటిని ఆదివారం పొద్దున, మోటార్లు ఆగి ఉన్నప్పుడు వినేవాడు. ఒకటి కొత్త సినిమా పాటలది. అందులో రెండు పాటలు మళ్ళీ మళ్ళీ వినదగ్గవి, మిగతావి ఆ రెండిటికీ కాపలా. ఒకటి పౌరాణిక నాటకం పద్యాలు. అవి వింటే చిన్నప్పుడు కాకినాడలో నేలమీద కూర్చుని చూసిన నాటకాలు గుర్తొచ్చి హాయిగా ఉండేది గాని, ఆ హాయి రికార్డుదో చిన్నతనానిదో తేలేది కాదు. ఇంకొకటి షెహనాయి. మంచిదే. చాలా మంచిదే. కాని అది వింటున్నంతసేపూ ఎవరిదో పెళ్ళికి పిలుపు లేకుండా వెళ్ళి వెనకవరసలో కూర్చున్నట్టుండేది.

వయొలిన్ని మాత్రం ఆయన ఏ ఉదయమూ పెట్టలేదు. పెట్టాలని తోచలేదు. అది సాయంకాలం సంగతి.

ఆశ్వయుజంలో ఒకనాడు ఐలయ్య ఇంకో ఇద్దరు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చి గడపలో నిలబడ్డాడు.

"సారూ, కరెంటోళ్ళకు ఒక దరఖాస్తు రాయాలె. మా నోటి మాట ఎవడు ఇంటడు? మీరు రాస్తె ఇంటరు. ఊరికి ఇంకో ట్రాన్స్‌ఫారం కావాలె."

సోమేశ్వరరావు సంతోషంగా రాశాడు. చదువుకున్నందుకు ఊరికి ఈపాటి పనికిరావడం ఆయనకు బాగుండేది. సాయంత్రం పూట తిరుగుతున్న పంకా రెక్కలను చిన్నపిల్లలు లెక్కపెట్టగలుగుతున్నారని ఒక వాక్యం రాశాడు. ఆ వాక్యం ఐలయ్యకు బాగా నచ్చి రెండుసార్లు చదివించుకున్నాడు. "మస్తుగ రాసిన్రు సారూ. ఇగ ఎట్ల ఇయ్యరో సూస్త." దరఖాస్తు ఏ బల్లల మీద నిద్రపోయిందో గాని, కార్తీకం చివర్లో ట్రాన్స్‌ఫార్మర్ లారీలో వచ్చింది. దాన్ని బొంబాయి రోడ్డు పక్కన దించి వెళ్ళిపోయారు. వారాల తరబడి దాని నీడన మేకలు పడుకున్నాయి. ఎప్పుడు బిగిస్తారో ఎవరికీ తెలియదు.

డిసెంబరు ఆఖరి ఆదివారం సోమేశ్వరరావు వయొలిన్ రికార్డుని తువ్వాలులో చుట్టుకుని బస్సెక్కాడు. బయలుదేరుతుంటే బుచ్చమ్మ మంచంలోంచి కేకేసింది.

"బిడ్డా, గాయనను ఏడికి తీస్కపోతున్నవ్?"

"సాయంత్రానికి తెచ్చేస్తానవ్వా. మా స్నేహితులకి వినిపించాలి."

"పొద్దుమూకకముందే రావాలె. ఆయన లేకుంటె నాకు నడువదు."

ఆయన సరేనన్నాడు. తనకు మాత్రం నడుస్తుందా అనుకున్నాడు బస్సులో. వానాకాలం నుంచి ఒక్క సాయంత్రం కూడా ఆ రికార్డు లేకుండా పడుకోలేదు.

బుల్లిబాబు గుమ్మంలోనే ఎదురొచ్చాడు. భీమవరం వైపు మనిషి, ఫ్యాక్టరీలో ఎలక్ట్రికల్ ఫోర్‌మన్, నలుగురిలోకీ చిన్నవాడు. చేతిలో రికార్డు కంటే ముందు ఈయన మొహం చూశాడు. "వచ్చారా గురువుగారూ! రండి రండి. మీ కుర్చీలో ఎవర్నీ కూర్చోనివ్వలేదండీ. పోయినేడు కూడా కూర్చోనివ్వలేదు." అంతకుమించి పోయినేటి గురించి మాట్లాడలేదు. లోపలికెళ్ళి కాఫీ పెట్టమని చెప్పాడు. సోమేశ్వరరావు తన కుర్చీలో కూర్చున్నాడు.

అప్పటికే నరసింహమూర్తి, రామచంద్రం వచ్చి ఉన్నారు. నరసింహమూర్తి అకౌంట్స్‌లో చేస్తాడు, తంజావూరులో మేనమామ ఇంట పెరిగాడు, కర్ణాటక సంగీతం తప్ప మిగతాదంతా చప్పుడంటాడు. రామచంద్రంది సంగారెడ్డి. స్టోర్సులో పని. గజల్ వింటూ కళ్ళు మూసుకుంటే పిలిచినా తెరవడు. ఆ ఏడు అతను గజల్ రికార్డే తెచ్చాడు. "ఇండ్ల తబలా ఆయన చెయ్యి లేపినప్పుడు వచ్చే ఖాళీ కోసం కొన్న" అన్నాడు. నరసింహమూర్తి ఒక గాత్ర కచేరీ తెచ్చాడు. బుల్లిబాబు సినిమా రికార్డు తెచ్చాడు, దాని గురించి చెప్పాల్సిన నాలుగు ముక్కలు నలభై అయ్యాయి. సోమేశ్వరరావు కొన్న సినిమా రికార్డే అది. ఆయన ఆ మాట పైకి అనలేదు.

చివర తన వంతు వచ్చింది. లేచి నిలబడాల్సిన అవసరం లేకపోయినా లేచాడు.

"ఈయన పేరు మీరూ విని ఉండరు. ఈయన తొందరపడడు. వయొలిన్‌లో ఇంత మంద్రం నేను ఇంతవరకూ వినలేదు. మా ఇంటిగలావిడ అత్తగారు మంచంలో ఉన్నారు. ఈయన వాయిస్తుంటే ఆవిడకి నొప్పి తెలియదు. నాకూ... నాకూ బాగానే నిద్రపడుతోంది."

నరసింహమూర్తి కూడా కుర్చీలో ముందుకు జరిగి కూర్చున్నాడు. బుల్లిబాబు రికార్డుని అంచులు పట్టుకుని కొత్త స్టీరియో మీద పెట్టి, ముల్లు దించాడు.

సన్నని వయొలిన్ ఒకటి చురుగ్గా పైకి లేచింది.

బుల్లిబాబు వేరే వైపు పెట్టాడనుకున్నాడు సోమేశ్వరరావు. మాట్లాడకూడదు గనక లేచి వెళ్ళి వంగి చూశాడు. వైపు అదే. వేగం మీట ఉండాల్సిన చోటే ఉంది. అట్ట మీద అదే బట్టతల. వచ్చి కూర్చున్నాడు. రాగం అదే. మలుపులన్నీ తెలిసినవే. ఫలానా స్వరం మీద ఇప్పుడు నిలుస్తాడు అనుకునేలోపు అక్కడ నిలిచి, గడప మీద కాలు ఆనించినట్టు ఆనించి, ఇంకో స్వరం మీదికి వెళ్ళిపోతున్నాడు. తెలివైనవాడు. చెయ్యి శుద్ధంగా ఉంది. బస్సు తప్పిపోతుందేమోనన్న కంగారు మటుకు ఎక్కడో ఉంది. ఇన్ని నెలలు తన గదిలో అరుగుమీద చేరగిలబడి మాట్లాడిన మనిషి వీధిలో కనబడితే, గుర్తుపట్టనట్టు చకచకా నడిచి వెళ్ళిపోయినట్టయింది.

రికార్డు అనుకున్నదానికంటే ముందే అయిపోయింది. ముందు నరసింహమూర్తే గొంతు విప్పాడు.

"రావుగారూ, మంద్రం అన్నారు. ఎక్కడండీ మంద్రం? ఈయన పంక్తికి లేవండి లేవండి అని పెళ్ళివారిని తరుముతున్నాడు."

"మంచిగనే వాయించిండు," అన్నాడు రామచంద్రం. "కాని సారు చెప్పినాయన ఈయన కాదు."

సోమేశ్వరరావు తువ్వాలు మడతపెడుతూ అన్నాడు. "ఇంట్లో ఇలా ఉండదు."

అందరి ఇళ్ళలోనూ అందరి రికార్డులూ ఇంకోలా ఉంటాయని నరసింహమూర్తి ఏదో అనబోయాడు. బుల్లిబాబు చెయ్యెత్తి ఆపాడు. అతనికి నవ్వు వస్తున్నట్టుంది, ఆపుకుంటున్నట్టూ ఉంది.

"గురువుగారూ, ఒక్క మాటండీ. ఇది మీరు ఏ పూట వింటారు?"

"దీపాల వేళ."

"ఎప్పుడూ?"

"ఎప్పుడూ."

"మీ ఊళ్ళో దీపాల వేళ వోల్టేజీ ఎంతుంటుందో ఎప్పుడైనా..."

వాక్యం పూర్తికాకముందే సోమేశ్వరరావుకి పంకా రెక్కలు కళ్ళముందు కదిలాయి. తన చేత్తో రాసిన వాక్యం. పంకా నెమ్మదిగా తిరిగితే ప్లేయరు మాత్రం ఎందుకు నెమ్మదించదు? అది నెమ్మదిస్తే స్వరం కిందికి దిగదా? సినిమా పాటలకు పడిశం పట్టిన సంగతి తెలిసిన మనిషే. ఆ పాటలు ఆయనకు ముందే తెలుసు గనక తేడా వినబడింది. ఈ వయొలిన్ని నిండు కరెంటు మీద ఒక్కనాడూ వినలేదు. రోజంతా లేబరేటరీలో సరిచూసుకునే పనే చేసే మనిషికి ఇంటికొచ్చాక సరిచూసుకోవాలనిపించలేదు.

"అంటే," అన్నాడు నరసింహమూర్తి, సంగతి తెలిశాక, పొట్ట పట్టుకుని, "సగం కచేరీ మీ ఊరి ద్రాక్ష తోటలు చేశాయన్నమాట!"

అందరూ నవ్వారు. సోమేశ్వరరావూ నవ్వాడు. నవ్వకపోవడానికి ఏమీ లేదు. బుల్లిబాబు భార్య పకోడీల పళ్ళెంతో గుమ్మంలోకొచ్చి ఎవరి ముందు పెట్టాలో తెలియక నిలబడింది.

"ఆగవే," అన్నాడు బుల్లిబాబు. "ఈ ఏడు తీర్పు కాలేదు. వచ్చే ఆదివారం సాయంత్రం మనమంతా కూకట్‌పల్లి వెళ్ళి, అక్కడి కరెంటు మీద వినాలి. రికార్డు ఇది కాదండీ, అది. గురువుగారికి నచ్చింది అది. అది వినకుండా పకోడీలు పంచడం అన్యాయం."

"చల్లారిపోతాయి," అంది ఆవిడ.

చల్లారనివ్వకుండా నలుగురికీ ఒకేసారి పెట్టారు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన చోటు దొరికింది. రికార్డు ఒళ్ళో ఉంది. మోసపోయానని అనిపించలేదాయనకు. ఎవరు మోసం చేశారని? అట్ట మీది పెద్దమనిషి తనకు వచ్చినట్టు వాయించాడు. ప్లేయరు తనకు అందినంత కరెంటుతో తిరిగింది. ఆ రెండిటి మధ్యా ఎవరూ ఉద్దేశించనిది ఒకటి పుట్టి, ఒక ముసలామెనూ ఒక ముసలివాణ్ణీ కొన్ని నెలలు నిద్రపుచ్చింది. ఇంటికి వెళ్ళాక అది మళ్ళీ ఉంటుంది. అది చాలు. వచ్చే ఆదివారం వాళ్ళూ వింటారు.

బస్సు కూకట్‌పల్లి దగ్గరికి వస్తుంటే ఊరు కొత్తగా కనిపించింది. ఇంకా పూర్తిగా చీకటి పడలేదు, అప్పుడే చెరువుకట్ట అవతల దాకా తెల్లటి చుక్కలు. దిగి చూస్తే రోడ్డు పక్కన మేకలున్నాయి, ట్రాన్స్‌ఫార్మర్ లేదు. అది రెండు స్తంభాల మధ్య ఎత్తుగా కూర్చుని ఉంది. ఆదివారమని కూడా చూడకుండా వచ్చి బిగించి వెళ్ళారట.

ఐలయ్య వాకిట్లోనే పట్టుకున్నాడు. అరచేతిలో బెల్లంముక్క పెట్టాడు.

"సూసిన్రా సారూ! సూడున్రి గా బుగ్గను. కండ్లల్ల పొడుస్తుంది! మీ దరఖాస్తే. ఊరంత మీ పేరే చెప్పుకుంటున్నరు. మా అమ్మ మొకం సూసుకోక ఎన్ని దినాలైందో, ఇయ్యాల అద్దం తెమ్మన్నది."

సోమేశ్వరరావు బెల్లం నోట్లో వేసుకుని బాగుందన్నాడు. బాగానే ఉంది. వీధిలో పిల్లలు అరుగుల మీద పుస్తకాలు తెచ్చుకుని కూర్చున్నారు. ఒక ఇంట్లో రుబ్బురోలు దగ్గర దీపం వెలుగు పడింది. ఇవన్నీ తాను అడిగినవే. గదిలోకి వెళ్ళి మీట నొక్కితే పంకా రెక్కలు కలిసిపోయి ఒక్కటే చక్రమైంది. ఆపేశాడు.

అటునుంచి మూలుగు మొదలైంది. "బిడ్డా, వచ్చినవా? పెట్టు మల్ల."

పెట్టాడు. ఏమవుతుందో తెలిసే పెట్టాడు. సన్నని వయొలిన్ చురుగ్గా లేచి గోడ దాటి అవతలికి వెళ్ళింది. అవతల ఊ వినబడలేదు. కాసేపటికి మాట వినబడింది.

"గాయన కాదు బిడ్డా. ఈనె ఎవరో వేరె. మనాయనను పెట్టు."

"అదే రికార్డవ్వా."

"కాదు. నేనెరుగనా?" మూలుగు మళ్ళీ మొదలైంది. "ఆయనను వాళ్ళింట్ల ఇడిసిపెట్టి వచ్చినవా ఏంది?"

ఒకవైపు అయిపోయింది. చంద్రమ్మ గరిటెతో మెతుకు తీసి నొక్కి చూసుకుని, గోడ మీదుగా అంది. "సారూ, గిదేంది, ఇంక అన్నం పలుకుంది. మీ పెట్టెకేమన్న అయిందా?"

కరెంటు బాగుపడి రికార్డు పోయిందని ఎలా చెప్పాలి? మంచం మీద కూర్చుని, ముల్లెత్తి మళ్ళీ మొదటికి తెచ్చాడు. దించలేదు. రికార్డు కింది పళ్ళెం ఊరికే తిరుగుతుంటే చూస్తూ కూర్చున్నాడు. అవతల ముసలామె పళ్ళు బిగించి మూలుగుతోంది. ఏమనుకున్నాడో తెలియదు. కుడిచేతి చూపుడువేలు చాచి, తిరుగుతున్న పళ్ళెం అంచుకి ఆనించాడు. పళ్ళెం వెంటనే నెమ్మదించింది. పాత ప్లేయరు, మోటారుకి పట్టుదల తక్కువ. వేలు అలాగే ఉంచి, ఎడమచేత్తో ముల్లు దించాడు.

మొదట అపస్వరం. వేలు మరీ ఎక్కువ నొక్కాడు, వయొలిన్ గొడ్డు అరిచినట్టు అరిచింది. కొంచెం వదిలాడు. మళ్ళీ పైకి పోయింది. మళ్ళీ నొక్కాడు. వేలికీ అంచుకీ మధ్య ఎంత బరువుంటే కరెంటు నీరసించిన సాయంత్రమవుతుందో వెతుక్కున్నాడు. చెవికి తెలుసది, వేలికి ఇంకా తెలియదు. కాసేపు ఊగిసలాడింది. ఆ ఊగిసలాటలోంచి ఒక్కో స్వరం కిందికి దిగి, బరువు తెచ్చుకుని, అరుగుమీద చేరగిలబడింది.

"ఊ," అంది బుచ్చమ్మ.

ఐలయ్య తలుపు దగ్గరికొచ్చి తొంగిచూశాడు. మంచం అంచున వంగి కూర్చుని, తిరిగే పళ్ళానికి వేలు ఆనించి ఉన్న సారుని చూసి కాసేపు అర్థంకాక నిలబడ్డాడు. అర్థమయ్యాక నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు.

"ఏంది సారూ! దరఖాస్తు పెట్టి తెచ్చిన కరెంటును మీరే ఏలితోని ఆపవడితిరి?"

"మాట్లాడకండి ఐలయ్యగారూ. వేలు కదులుతుంది."

"మల్ల 'గారు'," అని గొణిగి, చెప్పులు విడిచి గడపలో కూర్చున్నాడు.

ముంజేయి లాగుతోంది. రికార్డు మధ్యకి వచ్చేకొద్దీ లాగుడు ఎక్కువవుతోంది. ఒకటి రెండు చోట్ల స్వరం వణికింది. ఆ పెద్దమనిషికి వయసు మీద పడ్డట్టుంది అనుకోవచ్చు. వచ్చే ఆదివారం నరసింహమూర్తి వస్తాడు, ఆ వణుకు అతనికి వినబడుతుంది, ఊరుకోడు. అప్పటికి వేలు కుదురుకోవాలి. రోజూ ఒకవైపు చొప్పున అభ్యాసం చేస్తే కుదురుకోవచ్చు. సంగీతం నేర్చుకోవాలని చిన్నప్పుడు ఉండేది, కుదరలేదు.

అవతల ఊ ఆగిపోయింది. మూలుగూ లేదు. వయొలిన్ తన దారిన తాను ఇంకాసేపు మాట్లాడి, చెప్పాల్సింది అయిపోయాక ఆగింది. ముల్లు మధ్యకి చేరి ఖాళీ గీతలో చప్పుడు చేస్తుంటే, సోమేశ్వరరావు వేలు తీసి చూసుకున్నాడు. కొస ఎర్రబడి నున్నగా ఉంది.

గోడ మీదుగా గంజి వాసన వచ్చింది. చంద్రమ్మ ముసలామె లేవకుండా గొంతు తగ్గించి అడిగింది.

"అన్నం మరీ మెత్తగైంది సారూ. మీకు గూడ ఇంత పెట్టాల్నా?"